కుక్కకు రంగెందుకు, చెవులుండాలి గానీ



పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక తమ్ముడు చిన్న ప్రశ్న అడిగాడు. శ్రీవిల్లిపుత్తూరు దగ్గర కొండ కింద అతనికి నాలుగెకరాల మొక్కజొన్న చేను ఉంది. రాత్రయితే అడవిపందులు దిగుతున్నాయి. "చేనికి ఒక మంచి వేటకుక్క కావాలి. రాజపాళయం కొనాలా, లాబ్రడార్ కొనాలా? ఏ రంగుది కొంటే మంచిది?" అన్నాడు. అంతే.

జవాబులు వచ్చాయి చూడండి, సాయంత్రానికి అరవై దాటాయి. "రాజపాళయం అంటే పాలతెలుపు ఉండాలి, ముక్కు గులాబీ ఉండాలి, కళ్ళు బంగారంలా ఉండాలి. మచ్చ కనిపించిందా, కలిసిన జాతి, వదిలేయ్" అని ఒకరు. "లాబ్రడార్ అయితే నల్లది తీసుకో, పచ్చది సోమరి, చాక్లెట్ రంగుదానికి తిక్క" అని ఇంకొకరు. చివరికి మన కమిటీ పెద్దాయన ఒకరు, ఈసారి వార్షికోత్సవంలో ఒక పాలతెల్లని రాజపాళయం కూనను వేలం వేసి ఆ డబ్బు పిల్లల చదువుల నిధికి ఇద్దామని ప్రకటించారు. నలభై చప్పట్లు పడ్డాయి.

ఇన్ని జవాబుల్లో ఒక్కరు కూడా "ఆ కూనకు చెవులు వినిపిస్తాయా?" అని అడగలేదు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈసారి ఆ ఉలిపికట్టెను నేనే అనుకోండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు యాభై దాటాక మనవరాలితో కలిసి దిద్దుకున్నవాణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, కింద రాయండి.

ముందు లాబ్రడార్ సంగతి చూద్దాం, అది సులభం.

లాబ్రడార్‌లో ఒప్పుకున్న రంగులు మూడు: నలుపు, పసుపు, చాక్లెట్. ఈ మూడింటినీ నడిపేవి ముఖ్యంగా రెండు జన్యువులు. ఒకటి నలుపా గోధుమా అని తేలుస్తుంది, రెండోది ఆ రంగు వెంట్రుకలోకి రావాలా వద్దా అని తేలుస్తుంది. రెండోది రానివ్వకపోతే కుక్క పసుపు. తల్లీ తండ్రీ ఇద్దరూ నల్లవే అయినా, లోపల మిగతా రంగులను దాచుకుని ఉంటే, ఒకే ఈతలో మూడు రంగుల పిల్లలూ పుడతాయి. లెక్క ప్రకారం 16లో 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు. ఒకే కడుపు, ఒకే పాలు. అందులో నల్లది వేటగత్తె, పచ్చది సోమరి ఎలా అవుతుంది? మన ఇంట్లో అన్న చామనచాయ, తమ్ముడు తెలుపు అయితే, చామనచాయవాడికే లెక్కలు వస్తాయని అంటామా?

మరి నల్లది మంచిదనే మాట ఎక్కడినుంచి వచ్చింది? ఇంగ్లండులో తుపాకీ వేటగాళ్ళు మొదటినుంచీ నలుపునే కోరారు. పసుపు పుడితే, గోధుమ పుడితే తీసేసేవాళ్ళు. 1899లో బెన్ ఆఫ్ హైడ్ అనే పసుపు లాబ్రడార్ పుట్టింది, పసుపు వంశాలకు అదే మూలమని చెబుతారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. పనికోసం పెంచే వంశాల్లో నలుపు ఎక్కువగా ఉంది కాబట్టి, పని చేసే కుక్కల్లో నల్లవి ఎక్కువ కనిపిస్తాయి. నల్ల కోటు వేసుకున్నవాళ్ళల్లో వకీళ్ళు ఎక్కువ. అందుకని నల్ల కోటు కొనుక్కుంటే కేసు గెలుస్తామా?

నా సర్వీసులో స్టేషన్లకు వచ్చిన ఆర్పీఎఫ్ కుక్కలను ఎన్నోసార్లు చూశాను. నల్ల లాబ్రడార్ వచ్చిన రోజు ఉంది, పచ్చది వచ్చిన రోజు ఉంది. రెండూ ఒకేలాగ మూటమూటనూ వాసన చూసుకుంటూ పోయేవి. నడిపించే జవాను ముఖంలో ఏ తేడా చూడలేదు నేను.

అయితే ఒక్క విషయం ఉంది, దాన్ని దాచను. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు బ్రిటన్‌లోని లాబ్రడార్ల వైద్య రికార్డులు చూసి 2018లో ఒక పరిశోధన వెలువరించారు. చాక్లెట్ లాబ్రడార్ల సగటు ఆయుష్షు 10.7 ఏళ్ళు, మిగతా రంగులవి 12.1 ఏళ్ళు. చెవి జబ్బులు, చర్మం జబ్బులు చాక్లెట్‌లో ఎక్కువ. "చూశారా, రంగు ముఖ్యమే కదా!" అని ఎగరకండి. పరిశోధకులు సూచించిన కారణం ఏమిటంటే, చాక్లెట్ రంగే కావాలని జనం అడుగుతుంటే, పెంచేవాళ్ళు ఆ రంగు ఉన్న కొద్ది కుక్కలనే మళ్ళీ మళ్ళీ జత కట్టి ఉండవచ్చు, రంగుతోపాటు జబ్బులూ పోగుపడి ఉండవచ్చు. అంటే రంగు ఏ పాపమూ చేయలేదు. రంగు కోసం వేరే అన్నీ వదిలేసినవాళ్ళు చేశారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మన ఊరి కుక్క దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు రాజపాళయం.

ఈ కుక్క పేరు చెబితే మనందరికీ గర్వమే. రాజపాళయంలో స్థిరపడిన మన తెలుగు రాజుల ఊరి పేరు, పాలెగాళ్ళ కాలపు పేరు. అడవిపందిని ఎదిరించిన జాతి. 2005లో తపాలా శాఖ నాలుగు భారత జాతి కుక్కలకు స్టాంపులు వేస్తే వాటిలో ఇదొకటి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో దేశవాళీ కుక్కల గురించి మాట్లాడినప్పుడు దీని పేరు కూడా చెప్పారు. నేనూ ఆ రోజు ముగ్గురికి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

కానీ ఈ జాతిలో పాలతెలుపు ఒక్కటే పుడుతుందని ఎవరన్నారు? నల్లవి పుడతాయి, గోధుమవి పుడతాయి, మచ్చలవి పుడతాయి. పుట్టినవి మనకు కనిపించవు, అంతే. ఎందుకు కనిపించవో నాకు పార్సిల్ ఆఫీసులో తెలిసింది. తెలిసిందంటే అప్పుడే తెలిసిందని కాదు. కళ్ళ ముందు ఉన్నా చూడలేదు.

మీటర్ గేజ్ రోజుల్లో ఆ లైనులో కొన్నేళ్ళు పార్సిల్ క్లర్కుగా ఉన్నాను. మద్రాసు బండికి కుక్కపిల్లలు వచ్చేవి. వెదురు బుట్ట, పైన గోనెపట్టా, సుతిలితాడు. బుట్ట తూచి, డబ్బు కట్టించుకుని, రసీదు రాసి, గార్డు బ్రేక్‌వ్యాన్‌కు పంపేవాణ్ణి. "తెల్ల కుక్కపిల్లలు 3", "తెల్ల కుక్కపిల్లలు 4" అని రాసిన చెయ్యి ఇదే. పెద్ద జాతి కుక్క ఒక ఈతలో ఆరేడు పిల్లలు పెట్టడం మామూలు. బుట్టలో వచ్చేవి ఎప్పుడూ మూడో నాలుగో, ఎప్పుడూ తెల్లవే. మిగతావి ఏమయ్యాయి? ఇన్ని బుట్టలు తూచినవాణ్ణి, అణా పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని లెక్క సరిచూసినవాణ్ణి, ఈ లెక్క మాత్రం ఒక్కరోజూ అడగలేదు.

రంగు కూనలను పారేసేవాళ్ళు. కొందరు నీళ్ళల్లో, కొందరు గోతిలో. మచ్చ ఉంటే కొనేవాడు లేడు, కొనేవాడు లేనిదానికి పాలు దండగ. అమ్మేవాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. "మచ్చ లేనిదే కావాలి" అని అడిగింది మనం.

ఇక ఆ తెలుపు సంగతి. అన్ని తెలుపులూ ఒకటి కావు. సమోయెడ్ అనే మంచుదేశం కుక్క తెల్లగా ఉంటుంది, కానీ దాని ముక్కు నలుపు. పసుపు లాబ్రడార్‌లో కొన్ని దాదాపు తెల్లగానే ఉంటాయి, వాటికీ ముక్కులో, కంటి అంచులో రంగు ఉంటుంది. అక్కడ రంగు పలచబడింది, పోలేదు. గులాబీ ముక్కుతో ఉండే తెలుపులో ముక్కు దగ్గర రంగు ఇచ్చే కణాలే లేవు. మనం అందం అనుకుని ఎక్కువ డబ్బు పోసేది ఆ లేకపోవడానికే.

రంగు కణాలు వెంట్రుకకు మాత్రమే పని చేస్తాయనుకోకండి. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఉంది కదా, దాని గోడలో కూడా ఆ కణాలే ఉండాలి. అక్కడ ద్రవంలో ఉప్పుల సమతూకం నిలబెట్టేందుకు అవి కావాలి. అవి లేకపోతే ఆ గోడ చెడిపోతుంది, దాని వెనకే శబ్దాన్ని పట్టుకునే కణాలు చచ్చిపోతాయి. ఇదంతా కూన పుట్టిన మూడు నాలుగు వారాలకే జరిగిపోతుంది. కళ్ళు తెరిచి ఆడుకోవడం మొదలుపెట్టే వేళకే ఆ చెవి మూసుకుపోయి ఉంటుంది. మందు లేదు.

అమెరికాలో డాల్మేషియన్లను వేల సంఖ్యలో పరీక్షించారు. నూటికి సుమారు 8 కుక్కలకు రెండు చెవులూ వినిపించవు, ఇంకో 22 కుక్కలకు ఒక చెవి వినిపించదు. బుల్ టెరియర్ జాతిలో తెల్లవాటిలో నూటికి 20 వరకు ఈ లోపం ఉంటే, రంగువాటిలో ఒకటి రెండు మాత్రమే. మన రాజపాళయంలో చెవిటి కూనలు పుడతాయని పెంచేవాళ్ళకు బాగా తెలుసు. అన్ని తెల్లవీ చెవిటివి కావు, చక్కగా వినే తెల్ల కుక్కలు ఎన్నో ఉన్నాయి. కానీ రంగు కూనలను తీసేసి, తెల్లదానికి తెల్లదాన్నే జత కడుతూ పోతే ఎటు పోతామో చెప్పడానికి డాక్టరు అక్కరలేదు.

ఇప్పుడు నా కథ. చెప్పాలని లేదు, కానీ చెప్పకపోతే పైన రాసినదానికి విలువ లేదు.

1996లో నేనొక కూనను కొన్నాను. నేనూ మా బావమరిదీ కలిసి వెళ్ళాం. ఈతలో ఆరు పిల్లలు. నాలుగు తెల్లవి, ఒకటి నల్లది, ఒకదానికి వీపుమీద ఇటుక రంగు మచ్చ. మచ్చది వచ్చి మా బావమరిది చెప్పు పట్టుకుంది. "ఇదెంత?" అన్నాడు. "దానికి డబ్బెందుకు సామీ, కావాలంటే తీసుకెళ్ళండి. రేపటికి ఉండదు" అన్నాడు పెంచినాయన. రేపటికి ఉండదంటే ఎవరికో ఇచ్చేస్తాడేమో అనుకున్నాను. అంత తెలివి నాది. నేను మాత్రం అందరికంటే తెల్లగా, మూలన పడుకుని నిద్రపోతున్నదాన్ని ఎంచుకున్నాను. మేం అంత గోల చేస్తుంటే కూడా అది లేవలేదు. "ఎంత నెమ్మదో చూడు" అన్నాను బావమరిదితో.

ముత్యం అని పేరు పెట్టాం. క్వార్టర్స్‌కు వచ్చినవాళ్ళంతా "రాజుల కుక్క!" అని నిలబడి చూసేవాళ్ళు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. పిలిస్తే రాకపోతే పొగరనుకున్నాను. వెనకనుంచి తాకితే ఉలిక్కిపడి కరవబోతే జాతి కోపమనుకున్నాను. మా ఆవిడ నాలుగో నెలలోనే చెప్పింది, "ఇది వినదండీ" అని. దాని వెనక నిలబడి పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూపించింది. నేను ఒప్పుకోలేదు. డబ్బు పోసింది నేను కదా.

పద్నాలుగు నెలలప్పుడు, ఒక సాయంత్రం గేటు విడిపించుకుని లైను మీదికి పోయింది. పట్టాల మధ్య నిలబడి ఏదో వాసన చూస్తోంది. దాని వెనకనుంచి బండి వస్తోంది. డ్రైవరు విజిలు వదలకుండా కొడుతున్నాడు. నేను యాభై అడుగుల దూరంలో అరుస్తూ పరిగెత్తుతున్నాను. అది తల కూడా తిప్పలేదు.

గ్యాంగ్‌మన్ ఒకాయన గోనెసంచిలో తెచ్చి ఇచ్చాడు. ఆయన ఒక్క మాట అన్నాడు: "ఇంత విజిలు వినని కుక్కను ఇప్పుడే చూశాను సార్." మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

మచ్చ కూన? మా బావమరిది పల్లీ చేనులో పన్నెండేళ్ళు బతికింది. చేను అవతలి గట్టున పంది అడుగు పెడితే ఇవతల గుడిసెలోనుంచి లేచేది. ముందు చెవులు లేచేవి, తరువాత కుక్క లేచేది. ఒక కుక్కను బట్టి జాతినంతా తేల్చకూడదని నాకూ తెలుసు. తెల్లది కూడా విని ఉండవచ్చు, మచ్చది చెవిటిదై ఉండవచ్చు. నా తప్పు తెల్లదాన్ని కొనడం కాదు, తెలుపు తప్ప ఇంకేమీ చూడకపోవడం.

మీరు అడగవచ్చు: పూర్వం కూడా తెల్లవాటినే ఇష్టపడ్డారు కదా, అప్పుడు జాతి ఎలా నిలబడింది? నాకు తోచిన జవాబు ఇది. అప్పుడు వేట ఉండేది. పంది ముందుకు చెవిటి కుక్కను వదిలితే ఆ రోజే తేలిపోతుంది. తెలుపును మనిషి ఎంచుకున్నా, చెవిని అడవి ఎంచుకునేది. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది, వేట ఆగింది. ఆగడం మంచిదే. ఈ రోజు అనుమతి లేకుండా అడవిపందిని వేటాడటం నేరం, కుక్కను ఉసికొల్పి చంపించడం కూడా వేటే. మన తమ్ముడు కూడా కాపలాకే వాడాలి, తరమడానికే వాడాలి. కానీ వేటతోపాటు పరీక్ష కూడా పోయింది. ఆ తరువాత మనిషి కన్ను ఒక్కటే మిగిలింది. ఆ కంటికి తెలుపు తప్ప ఏమీ కనపడదు.

చుట్టుపక్కల జాతులను చూడండి. కొంబై ఎర్ర గోధుమ, మూతి నలుపు. కన్ని నలుపు మీద గోధుమ గుర్తులు. చిప్పిపారై రకరకాల రంగుల్లో ఉంటుంది. అన్నీ మన ఎర్ర నేలలో, నల్ల నేలలో కుందేళ్ళను, పందులను తరిమినవే. తెలుపు లేదని వాటిలో ఏది తక్కువైంది?

"తెల్ల కుక్క రాత్రి యజమానికి కనిపిస్తుంది, తుపాకీ తగలదు" అని ఒక అన్న రాశారు. సరే, ఆ లాభం ఉంది. మెడకు తెల్ల గుడ్డ కట్టినా ఆ లాభం ఉంది. పైగా రంగు లేని ముక్కు మన ఎండకు కాలిపోతుంది, అది కూడా లెక్కలో వేయండి. "నల్లదైతే ఎండ తట్టుకోదు" అన్నారు ఇంకొకరు. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు. అది చల్లని సముద్రపు నీళ్ళలో పని చేసేందుకు వచ్చిన బొచ్చు. మన ఏప్రిల్ ఎండలో చేను కాపలాకు ఏ రంగు లాబ్రడార్ అయినా కష్టపడుతుంది. అక్కడ రంగు మారిస్తే సరిపోదు, జాతి మార్చాలి.

ఇక ఆఖరి మాట, కొంచెం ఘాటుగా ఉంటుంది. "మచ్చ ఉంటే కలిసిన జాతి" అన్నవాళ్ళకు. అన్నా, మనం విజయవాడ వెళ్ళి నోరు తెరిస్తే అక్కడివాళ్ళు ఏమంటారు? "మీ తెలుగు కలిసిపోయిందండీ, అరవం వాసన వస్తోంది" అని నవ్వరా? నాలుగైదు వందల ఏళ్ళు పరాయి బడిలో, పరాయి బజారులో బతికి, ఇంట్లో ఈ భాష నిలబెట్టుకున్నవాళ్ళం మనం. దానికి మచ్చలున్నాయి. మచ్చ ఉందని మన భాషను ఎవరైనా తెలుగు కాదంటే కొట్లాటకు పోతాం. అదే మనం, వీపుమీద ఇటుక రంగు ఉందని ఒక కూనను గోతిలో పారేయిస్తాం. ఇదెక్కడి న్యాయం?

తమ్ముడికి నా జవాబు. తల్లినీ తండ్రినీ చూడు, వీలైతే రాత్రిపూట వెళ్ళి చూడు, చప్పుడుకు లేస్తాయో లేదో. కూన నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి, నేల అదరకుండా, గాలి తగలకుండా ఒక శబ్దం చెయ్యి. చెవి కదిలిందా చూడు. అయితే ఒక చెవి మాత్రమే పోయిన కూన ఈ పరీక్షలో గెలిచేస్తుంది. అది వింటుంది, కానీ శబ్దం ఏ వైపునుంచి వచ్చిందో తేల్చుకోలేదు. చేను కాపలాకు ఆ తేడా చాలా ముఖ్యం. దానికి తలకు తీగలు పెట్టి మెదడుకు శబ్దం చేరుతోందా అని చూసే బేర్ అనే పరీక్ష ఉంది. ఐదారు వారాల వయసు దాటాక చేయవచ్చు. ఎక్కడ చేస్తారో పశువైద్య కళాశాలలో అడుగు. ఆ ఈతలో మొత్తం ఎన్ని పుట్టాయి, మిగతావి ఎక్కడ ఉన్నాయి అని కూడా అడుగు. జవాబు చెప్పకపోతే లేచి వచ్చేయి. వినే కూన తెల్లదైతే తెల్లదే తీసుకో, నాకేం పగ లేదు. మచ్చదైతే మచ్చదే తీసుకో, పూర్తి ధర ఇచ్చి తీసుకో. రంగు కూనకు ధర పలికిన రోజే దాన్ని పారేయడం ఆగుతుంది.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. పిల్లల చదువులకు నిధి పోగు చేయడం గొప్ప పని. ఈ నెల నా పెన్షన్‌లో నుంచి అయిదు వేలు ఇస్తాను. కానీ వేదిక మీద దీపాల వెలుగులో, మైకుల గోలలో ఒక పసి కూనను పైకెత్తి వేలం వేయవద్దు. ఆ గోలకు అది వణికితే పాపం. వణకకపోతే ఇంకా పాపం, ఎందుకంటే అప్పుడు దానికి ఏమీ వినిపించడం లేదని అర్థం. అలాంటిదాన్ని ఒకసారి "ఎంత నెమ్మదో చూడు" అని ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి చెబుతున్నాను.

కోపం వచ్చినవాళ్ళు కింద రాయండి. తెలుగులో రాయండి, తమిళంలో రాయండి, రెండూ కలిపి రాయండి. అన్నిటికీ జవాబు ఇస్తాను.